టీబీ మందులతో అరికాళ్ల మంటలు.. ఒక మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. ఎండీఆర్ టీబీకి (మామూలు టీబీ మందులకు లొంగనిది) ఆరు నెలల కోర్సులో ఇది నాలుగో నెల. తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చింది, బరువూ పెరిగారు. నెలగా అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. లైనెజోలిడ్ వల్లేనని ఎవరో చెబితే పది రోజులుగా అదొక్కటీ మానేశారు. మెడికల్ షాపులో ఇచ్చిన అమిట్రిప్టిలిన్ రాత్రిపూట వేసుకుంటున్నారు. వంకాయ, చేపలు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వంకాయ సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ పది రోజుల సంగతి.

మంటలు లైనెజోలిడ్ వల్ల అయ్యే అవకాశం బాగానే ఉంది, అది నరాలను దెబ్బతీయగలదు. పట్టించుకోకపోతే కొందరిలో ఆ తిమ్మిరి పూర్తిగా పోదు కూడా. అలాగని సొంతంగా మానేస్తారా? డోసు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది మీకు మందులిస్తున్న డాక్టర్ తేల్చాలి. ఈ కోర్సులో బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసి పనిచేస్తాయి, ఒకటి తీసేస్తే భారమంతా మిగతావాటి మీద పడుతుంది. రేపు విసుగొచ్చి అన్నీ మానేస్తే ఇంకా కష్టం. బెడాక్విలిన్ ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ ఆ ఒక్క మందునే చూస్తూ బతికిన క్రిమి దానికీ లొంగకుండా తయారవుతుంది. తెమడ నెగెటివ్ అంటే జబ్బు పూర్తిగా తగ్గిందని కాదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం షాపు మాత్ర. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రెండూ గుండె లయను మార్చగలవు, అందుకే మధ్యమధ్యలో ఈసీజీ తీస్తారు. అమిట్రిప్టిలిన్‌కూ అదే గుణం ఉంది, పైగా లైనెజోలిడ్‌తో దానికి పడదు. కౌంటర్ దగ్గర నిలబడి "కాళ్ల మంటలకేదైనా ఇవ్వండి" అని అడిగితే అతనికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మీరైనా టీబీ మందులు వాడుతున్నారని చెప్పారా? దగ్గొచ్చిందని అజిత్రోమైసిన్ కొనుక్కోవడమూ ఇలాంటిదే. రోజూ చూస్తున్నాను, చెప్పీ చెప్పీ విసుగొస్తోంది.

రేపు కాదు, ఈరోజే మందులన్నీ సంచిలో వేసుకుని టీబీ సెంటర్‌కి వెళ్లండి. పది రోజులు మానేసిన సంగతి దాచొద్దు, తిట్టినా పర్లేదు. ఈసీజీ, రక్తకణాల పరీక్ష, కంటి పరీక్ష అడగండి. ఒక్కో కన్ను మూసి పేపర్ చదవమనండి, మసకగా ఉన్నా రంగులు వెలిసినట్టున్నా వెంటనే చెప్పాలి. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి.

వంకాయ పెట్టండి, తాజా చేపలూ పెట్టండి. ఎండుచేపలు మాత్రం లైనెజోలిడ్ వాడినంతకాలం వద్దు, మద్యం అసలే వద్దు. అన్నట్టు, ఆయనకు షుగర్ ఉందో లేదో రాయలేదు, దానివల్ల కూడా అరికాళ్లు మండుతాయి, ఆ పరీక్ష కూడా చేయించండి.