అడ్మిషన్ల కౌంటరులో కూర్చునే మేనకోడలికి

కర్నూలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అనంతపురంలో ఇంజనీరింగ్ కళాశాల అడ్మిషన్ల విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ఉద్యోగ జీవితమంతా కళాశాల కార్యాలయంలోనే గడిచింది కనుక, ఆ కుర్చీలో కూర్చునేవారి మాటకు ఎంత బరువు ఉంటుందో వివరంగా రాయాలనిపించింది.

నీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఆలూరు, పత్తికొండ, కోసిగి, కళ్యాణదుర్గం వంటి చోట్ల నుంచి ఒక రోజు కూలి వదులుకుని వస్తారు. మా పశ్చిమ ప్రాంతపు మండలాల్లోనైతే వానలు లేని సంవత్సరం సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిన తల్లిదండ్రులు, పిల్లవాడి సీటు కోసమే మధ్యలో తిరిగి వచ్చి, రెండోసారి వచ్చే వీలు లేక, నువ్వు చెప్పినదాన్నే ఖాయం చేసుకుని వెళ్లిపోతారు. వారు నిన్ను ఒక ఉద్యోగిగా చూడరమ్మా. కళాశాలే తమతో మాట్లాడిందని అనుకుంటారు. కనుక నువ్వు ఇచ్చే ప్రతి జవాబూ నిజమై ఉండాలి, అంతేకాక ఈ సంవత్సరానికి నిజమై ఉండాలి. ఈ రెండో షరతు దగ్గరే మంచివారు కూడా తప్పిపోవడం నేను ఎక్కువగా చూశాను.

ప్రభుత్వం అర్హులైన విద్యార్థుల ఫీజు భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్‌నే తీసుకో. 2021లో ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు, తరువాత తల్లీ విద్యార్థీ కలిసి తెరిచే ఉమ్మడి ఖాతా అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కళాశాలలకే చెల్లించాలని నిర్ణయించారు. ఈ మూడు పద్ధతుల్లో ఏది అమల్లో ఉందన్నదానిని బట్టి, ఆ తల్లి బ్యాంకుకు వెళ్లాలా, ముందు తాను కట్టి తరువాత ఎదురుచూడాలా అన్నది తేలుతుంది. రెండేళ్ల కిందటి కరపత్రం చూసి జవాబు చెప్పినవారు అబద్ధమాడినట్టు కాదు, కానీ ఆ ఇంట్లో అప్పు మాత్రం నిజంగానే పుడుతుంది. దీనికంటే పెద్ద చిక్కు కోటాలది. రీయింబర్స్‌మెంట్ వర్తించేది ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో సీటు వచ్చినవారికి. కళాశాల యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరినవారికి అది రాదు. ఈ మాటను డబ్బు కట్టించుకున్న తరువాత కాదు, వారు కుర్చీలో కూర్చున్న మొదటి అయిదు నిమిషాల్లోనే, వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ట్యూషన్ ఫీజు సంగతి వేరు, హాస్టలు, బస్సు ఖర్చుల సంగతి వేరు అని కూడా విడదీసి, నాలుగేళ్లకూ ఇంటి నుంచి ఎంత పెట్టుకోవాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వు. అలా రాసి ఇవ్వడానికి ఏ కళాశాలైనా వెనకాడుతుంటే, అక్కడ నోటితో చెబుతున్నదాన్ని అనుమానించాల్సిందే.

స్థానికత ప్రశ్న మన సరిహద్దు జిల్లాల్లో తరచూ వస్తుంది. గుంతకల్లు, రాయదుర్గం పిల్లలు బళ్లారిలో చదువుతారు, కర్నూలు పిల్లలు హైదరాబాదులో ఇంటర్ పూర్తిచేస్తారు, తుంగభద్ర దాటి అలంపురం, గద్వాల నుంచి ఇక్కడికి వస్తారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, స్థానికత సాధారణంగా వరుసగా నాలుగేళ్ల చదువును బట్టి తేలుతుంది. రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షను పాత ప్రవేశాల కోటాలను పదేళ్లపాటు కొనసాగించింది; ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అంటే పదేళ్లు సరైనదిగా చెప్పుకున్న జవాబు ఆ గడువు తరువాత పాతబడింది. ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు జ్ఞాపకం నుంచి చెప్పకు, ఆ సంవత్సరపు కౌన్సెలింగ్ నియమావళిని తెరిచి, చదివి చెప్పు. కోవిడ్ సమయంలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని పక్కన పెట్టి, మళ్లీ తెచ్చిన సంగతి నీకూ తెలుసు.

గుర్తింపుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపు కళాశాల మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచి బ్రాంచికీ విడిగా, ఒక గడువుతో ఇచ్చేది. పైగా సాధారణంగా కనీసం రెండు బ్యాచిలు చదువు పూర్తిచేసుకున్న కోర్సుకే అది వస్తుంది. కాబట్టి నిన్నమొన్న మొదలైన కృత్రిమ మేధ బ్రాంచిలో చేరబోయే పిల్లవాడికి, గోడ మీది బోర్డు చూపించి గుర్తింపు ఉందనడం తగదు. కొత్త బ్రాంచికి సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ అనుమతి, జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయ అనుబంధం ఉత్తర్వుల రూపంలో చేతికి రానంతవరకు దాన్ని వచ్చేసినట్టు చెప్పవద్దు. ఉద్యోగాల లెక్కలలోనూ అంతే: ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా లెక్కించడం చాలాచోట్ల ఉంది. ఎంతమంది చదువు పూర్తిచేశారు, వారిలో ఎంతమంది నిజంగా చేరారు అన్నదే తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న.

తెలియనిదాన్ని తెలియదనడానికి సిగ్గుపడకు. కానీ అక్కడితో ఊరుకోకూడదు: పేరు, ఫోను నంబరు, అడిగిన ప్రశ్న ఒక పుస్తకంలో రాసుకుని, సంబంధిత విభాగాన్ని అడిగి, చెప్పిన రోజుకే ఫోను చెయ్యి. ముందు చెప్పిన విషయం నియమాలు మారి తప్పయిందని తెలిస్తే, ఆ పుస్తకంలో ఉన్నవారందరికీ నువ్వే చెప్పాలి. ఇది అదనపు మర్యాద కాదు, ఉద్యోగంలో భాగమే.

సీట్లు నిండాలన్న ఒత్తిడి వస్తుంది. విద్యార్థులను చేర్పించడానికి ఊళ్లు తిరిగే పీఆర్వోలు ఒక్కో అడ్మిషనుకు ఇంత అని తీసుకుంటూ, ఉచితమని, ఉద్యోగం గ్యారంటీ అని వాగ్దానాలు చేసి పంపుతారు. వారేం చెప్పి పంపారో ప్రతి కుటుంబాన్నీ అడిగి, తప్పున్నచోట అక్కడికక్కడే సరిదిద్దు. చేరకుండా వెళ్లిపోతే పోనివ్వు. పైవారు అభ్యంతరం చెబితే, ప్రతి కళాశాల తన వెబ్‌సైటులో ఉంచాలని ఏఐసీటీఈ చెప్పిన మాండేటరీ డిస్‌క్లోజరును, అంటే తప్పనిసరిగా వెల్లడించాల్సిన వివరాల పత్రాన్ని, చూపించి, అందులో ఉన్నదే చెప్పానను.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. గడువులోగా సీటు వదులుకుంటే, ప్రాసెసింగ్ ఫీజుగా వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించుకుని, కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వాలని ఏఐసీటీఈ నిబంధన. దీన్ని అడగకపోయినా చెప్పు, ఎందుకంటే ఇది అడగాలని వారికి తెలియదు.

ఈ సంవత్సరపు కౌన్సెలింగ్ షెడ్యూలు వెలువడకముందే నీ బల్ల మీదున్న పాత కరపత్రాలన్నీ తీయించి, కొత్తవాటి మీద అచ్చయిన తేదీ వేయించమని ప్రిన్సిపాలుగారిని అడుగు. ఏదైనా ఉత్తర్వు అర్థం కాకపోతే నాకు పంపు, కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ మామయ్య