సూది గుచ్చుకుని పది రోజులైంది... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నా వయసు 27. ఓ ప్రైవేటు నర్సింగ్‌హోంలో స్టాఫ్‌ నర్సుని. పది రోజుల క్రితం రక్తం తీశాక సూదికి క్యాప్‌ పెడుతుంటే ఎడమ చూపుడువేలికి గుచ్చుకుంది. కంగారులో వేలు పిండి రక్తం తీసేసి, స్పిరిట్‌ రాసుకున్నాను. ఆ పేషెంట్‌కు హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-బి నెగెటివ్‌. నాకు హెపటైటిస్‌-బి టీకా రెండు డోసులే అయ్యాయి. భయపడాలా?

సలహా: హెచ్‌ఐవీ గురించి అంత బెంగ వద్దు. పాజిటివ్‌ రక్తమున్న సూది గుచ్చుకున్నా సోకే అవకాశం వెయ్యికి సుమారు మూడే. అదే టీకా లేనివారికి హెపటైటిస్‌-బి సోకే అవకాశం వందకు 6 నుంచి 30 దాకా ఉంటుంది. మీ విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది ఆ ఆగిపోయిన మూడో డోసే. మళ్లీ మొదటి నుంచి వేసుకోనక్కర్లేదు. మొదటి డోసుకు నాలుగు నెలలు, రెండోదానికి రెండు నెలలు దాటితే వెంటనే వేయించుకోండి. ఆ తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్‌ టైటర్‌ (టీకాతో రక్తంలో పుట్టిన యాంటీబాడీల మోతాదు) చూడాలి. అది 10 ఎంఐయూ/ఎంఎల్‌ లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్టే.

పేషెంట్‌కు హెపటైటిస్‌-సి పరీక్ష చేసినట్టు లేదు. వీలైతే చేయించమనండి. కుదరకపోతే మీరే ఇప్పుడు యాంటీబాడీ పరీక్ష, గుచ్చుకున్న 3-6 వారాల మధ్య హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ (రక్తంలో హెపటైటిస్‌-సి వైరస్‌ ఉందేమో చూసే) పరీక్ష చేయించుకోండి.

ఇంకెప్పుడైనా గుచ్చుకుంటే వేలు పిండకండి, సబ్బు నీళ్లతో కడగండి చాలు. స్పిరిట్‌, బ్లీచింగ్‌ వద్దు. పేషెంట్‌ హెచ్‌ఐవీ పాజిటివ్‌ అయినా, రిపోర్టు తెలియకపోయినా ఆలస్యం చేయకుండా ఏఆర్‌టీ సెంటర్‌కో (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం), ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకో వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే 2 గంటల్లో మొదలుపెట్టడం మేలు. 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. కోర్సు 28 రోజులు.

ఇక ఆ క్యాప్‌ సంగతి. ఎడమ చేత్తో పట్టుకున్న సన్నటి మూతిలోకి కుడి చేత్తో సూదిని దూరుస్తాం. గురి పిసరంత తప్పితే ఎదురుగా ఉండేది చూపుడువేలే. ఒక్కోసారి సూది లోపలికి వెళ్లి, క్యాప్‌ పక్కనుంచి పొడుచుకొస్తుంది. అసలు క్యాప్‌ ఎందుకు పెడతాం? వాడిన సూదులు వేసే డబ్బా వార్డు చివర ఉంటుంది కాబట్టి. తెల్లటి పంక్చర్‌ప్రూఫ్‌ డబ్బాను ట్రాలీ మీదే మంచం దాకా తీసుకెళ్తే ఆ పనే ఉండదు. ముప్పావు వంతు నిండగానే మూసేయండి. నిండినదాంట్లో కుక్కబోతే లోపలి సూదులే ఎదురు గుచ్చుతాయి.

క్యాప్‌ పెట్టక తప్పకపోతే దాన్ని ట్రేలో పడుకోబెట్టి, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, సూది కొనతో తోడినట్టు పైకెత్తండి. సిరంజిలోని రక్తాన్ని ట్యూబులోకి ఎక్కించేటప్పుడూ ట్యూబు స్టాండులో ఉండాలి, మీ చేతిలో కాదు. గ్లవ్స్‌ సూదిని ఆపవు గానీ, దానికంటిన రక్తాన్ని కొంత తుడిచేస్తాయి. వేసుకోండి.

గుచ్చుకున్న సంగతి ఇప్పటికైనా రిజిస్టర్‌లో రాయించండి. 2016 బయోమెడికల్‌ వ్యర్థాల నిబంధనల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్‌-బి టీకా వేయించాల్సింది ఆసుపత్రే. మూడో డోసు యాజమాన్యాన్నే అడగండి.