రెట్రో పిక్సెల్ ఫాంటు వాడితే పోస్టరు మీద అక్షరాలు ఎందుకు మసకబారుతున్నాయి?

కళాశాల గేమింగ్ పోటీ పోస్టరుకు పాత వీడియో గేముల తరహా దళసరి పిక్సెల్ ఫాంటు వాడితే అంచులు మసకబారుతున్నాయనీ, బోల్డ్ నొక్కితే ముద్దకట్టిపోతున్నాయనీ, తెలుగులో ఆ రూపం ఎలా తేవాలనీ మీరు అడిగారు. తిరుపతిలో కొన్నేళ్లుగా పోస్టర్లు, ఫ్లెక్సీలు తయారు చేస్తున్నాను. ఈ పొరపాట్లన్నీ నేను చేసినవే.

మీరు చెప్పిన 'ప్రెస్ స్టార్ట్ 2పి' ఫాంటును 1980లలో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన ఆర్కేడ్ గేముల (నాణెం వేసి ఆడే వీడియో గేముల) అక్షరాల ఆధారంగా రూపొందించారు. ప్రతి అక్షరమూ అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లలో ఒదగాలి. అందులో నిలువు గీత రెండు గళ్ల మందం, అడ్డగీత ఒక గడి మందం ఉంటాయి. ఆనాటి టీవీ తెరల మీద ఒంటి గడి నిలువు గీత రంగులు కలిసిపోయి స్పష్టంగా కనిపించేది కాదు. అంటే ఆ అక్షరం పుట్టుకతోనే బోల్డ్. దానికి మళ్లీ బోల్డ్ తగిలిస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

మసకకు కారణం సైజు. ఒకసారి నేను శీర్షికను 30 పిక్సెళ్లకు పెట్టాను. 30ని 8తో భాగిస్తే ఒక్కో గడికి మూడుముప్పావు పిక్సెళ్లు వస్తాయి కనుక, కంప్యూటరు మిగిలిన ముక్కను బూడిదరంగుతో సర్దింది. 24, 32, 40 వంటి ఎనిమిది గుణిజాలే వాడి, అంచులను ఇలా బూడిదరంగుతో నునుపు చేసే 'యాంటీ అలియాసింగ్' అమరికను తీసేయండి. ఫ్లెక్సీకి మాత్రం అక్షరాలను, ఎంత పెద్దవి చేసినా చెదరని గీతలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. నేను చిన్న జేపీజీ ఇచ్చినందుకు ప్రింటింగ్ షాపులో దాన్ని సాగదీశారు. పది అడుగుల ఫ్లెక్సీ మీద గళ్ల మూలలన్నీ కరిగిన మైనంలా వచ్చాయి. తప్పు వారిది కాదు, ఫైలుది.

ఇక తెలుగు. ఆ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. ఉన్నా 8 గళ్లలో తలకట్టు, గుడి, వత్తు అన్నీ పట్టవు. అందుచేత శీర్షికలోని ఒకటి రెండు పదాలను చేత్తో గీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ముగ్గుల కోసం ఇంట్లో ఉంచిన గళ్ల పుస్తకంలోనే నేను గీస్తాను. 'తిరుపతి'లో వత్తులు లేవు కనుక 16 వరుసల్లో చక్కగా కూర్చుంది. 'చిత్తూరు' దగ్గర తకారం కింద మరో త రావాలి, పక్కన కొమ్ము దీర్ఘం దిగాలి. 16 వరుసల్లో ఎన్నిసార్లు గీసినా ఆ వత్తు చీమలా కనిపించడంతో చివరకు 24 వరుసలు తీసుకున్నాను.

తేదీ, వేదిక, ప్రవేశ రుసుము వంటి వివరాలకు పిక్సెల్ అక్షరాలు వద్దు. వాటిని 'మండలి' వంటి మామూలు తెలుగు ఫాంటులో ఇవ్వండి.