పాత గుంపులోకి కొత్త పెట్టలు

అమ్మాయీ,

ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్న గూట్లోకి ఇంకో మూడు పెట్టల్ని తెస్తున్నానన్నావు. మూడు తేవడం మంచిదే. ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ తేకు. గుంపు కసంతా దాని నెత్తినే పడుతుంది. మూడుంటే పోట్లు తలా కాస్త పంచుకుంటాయి, రాత్రి ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. ఒళ్లు పాతవాటికి దగ్గరగా వచ్చినవే ఎంచుకో. 16 వారాలు నిండని బక్క పిల్లలైతే పెద్ద పెట్ట ఒక్క పోటుకే నెత్తి చిట్లుతుంది. నెత్తిన ఈకల కుచ్చు ఉన్న జాతి కూడా వద్దు. ఆ కుచ్చు కళ్లకి అడ్డం పడి, పక్క నుంచి వచ్చేది దానికి కనపడదు. పైగా పాతవి ఆ కుచ్చుని పట్టుకునే పీకుతాయి.

అయితే ఆదివారం తెచ్చి ఆ రాత్రే గూట్లో కూర్చోబెట్టేద్దామన్న ఆలోచన మానుకో. ఇది నెలా పదిహేను రోజుల పని.

ముందు చోటు లెక్క చూసుకో. గూటి లోపల కోడికి 4 చదరపు అడుగులు, బయట కంచె లోపల 10 చదరపు అడుగులు కావాలి. నీ పదకొండింటికి లోపల 44, బయట 110. కూర్చునే కర్ర తలా 9 అంగుళాల చొప్పున ఎనిమిదడుగుల పైచిలుకు. నాలుగైదు పెట్టలకొక గుడ్ల పెట్టె. ఇది తక్కువైతే మిగతా జాగ్రత్తలన్నీ దండగ. కోళ్లు పొడుచుకునేది చాలావరకు మేత గిన్నె, నీళ్లు, పడుకునే చోటు ఎవరికి ముందన్న దాని కోసమే. ఈ ముక్కు పోట్ల వరసని నార్వే దేశస్థుడు షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే కోళ్లని గమనించి వివరంగా రాశాడు. గుంపులో ప్రతి కోడికీ తను ఎవరికి లొంగాలో, ఎవరిని తరమాలో తెలుసు. కొత్త మొహం కనపడగానే ఆ వరసంతా మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. అది తేలకుండా నువ్వు ఆపలేవు. రక్తం కారకుండా తేలేలా చూడటమే నీ పని.

తెచ్చిన రోజు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచు. విడిగా అంటే అదే గూట్లో మధ్యన అడ్డు కట్టడం కాదు. గాలి కలవనంత దూరం, వీలైతే 40 అడుగులు. గిన్నెలు వేరు, చీపురు వేరు, చెప్పులు వేరు. రోజూ పాతవాటి పని ముందు ముగించి ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లు. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కో. కొక్కెర తెగులుకి, మశూచికి టీకాలు పడ్డాయో లేదో, ఎప్పుడు పడ్డాయో కొనేటప్పుడే అడిగి రాసి పెట్టుకో.

ఈ నెలలో వారానికోసారి, చీకటి పడ్డాక, ఒక్కోదాన్ని చంకలో పెట్టుకుని చూడు. తోక కింద ఈకలు విడదీసి టార్చి వెయ్యి. గడ్డి రంగు పేలు వెలుతురు పడగానే పరుగెడతాయి. ఈక మొదట్లో తెల్లటి ముద్ద అతుక్కుని ఉంటే అవి పేల గుడ్లు. ఈకల మొదళ్లు మసి పూసినట్టు నల్లగా, జిడ్డుగా ఉంటే పేల కంటే చిన్న పురుగు పట్టిందన్నమాట. కాళ్ల మీద పొలుసులు నున్నగా అంటుకుని ఉండాలి. పెంకులు లేచినట్టు గరుకుగా ఉంటే పొలుసుల కింద పురుగుంది. కంట్లో నురగ, ముక్కులో చీమిడి, వీపుకి చెవి ఆనిస్తే గురక, రెట్టలో రక్తం, వీటిలో ఏది కనపడినా కలపడం ఆపేసి పశువైద్యుడికి చూపించు. మందు వాడితే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డబ్బా మీద చదువు.

ఆరోగ్యంగా కనపడుతూనే రోగాన్ని మోసే కోళ్లూ ఉంటాయి. అవి నెల గడిచినా బయటపడవు. అందుకని ఆఖరి పది రోజులు పాత పెట్టల్లో ఒకదాన్ని తీసుకొచ్చి కొత్తవాటితో ఉంచు. పోయినా నువ్వు మరీ బాధపడని దాన్నే ఎంచుకో. మాట కటువుగా ఉంది కానీ, జబ్బుంటే ఎనిమిదింటికి బదులు ఒక్కదానికి సోకుతుంది. అది బాగుంటే కొత్తవాటికి అప్పుడే ఒక పాత మొహం అలవాటైనట్టు కూడా.

తర్వాతది జాలీ దశ. పాతవాటి ఆవరణలోనే ఒక మూల ఇనుప జాలీతో వేరు చేసి కొత్తవాటిని అందులో పెట్టు. ముక్కు దూరని కన్ను, అరంగుళం జాలీ మంచిది. పది రోజుల నుంచి రెండు వారాలు. చూసుకోవాలి, తగులుకోకూడదు. మేత గిన్నెలు జాలీకి రెండు వైపులా, దగ్గర దగ్గరగా పెట్టు. పక్కపక్కన తినడం అలవాటు కావడమే సగం పని. మొదటి రెండు రోజులు పాతవి జాలీ మీదకి ఉరుకుతాయి. అవి జాలీని పట్టించుకోకుండా మట్టిలో పొర్లడం మొదలుపెట్టాయంటే టైమొచ్చినట్టే. ఈలోపు పాతవాటిని రోజుకో గంట బయట మేతకి వదిలి, ఆ ఖాళీలో కొత్తవాటిని ఆవరణంతా తిరగనివ్వు. తరుముతుంటే ఎటు పోవాలో వాటికి ముందే తెలిసుండాలి.

కలిపే ముందు ఆవరణ రూపు మార్చు. కొమ్మలు పడెయ్యి, గోడకి చెక్క ఏటవాలుగా ఆనించు, ఓ రెండు ఎత్తుపీటలు వెయ్యి. ప్రతి చాటుకీ రెండు దారులుండాలి. ఒకటే దారి ఉంటే అది చాటు కాదు, బోను. మేతకీ నీళ్లకీ రెండేసి, వీలైతే మూడేసి చోట్లు పెట్టు. ఒక చోట నుంచి ఇంకొకటి కనపడకూడదు. పక్కపక్కనే నాలుగు గిన్నెలు పెట్టినా పెత్తనం చేసే పెట్ట నాలుగింటినీ ఒక్కతే కాస్తుంది.

సాయంత్రం, గూడు చేరడానికి గంట ముందు కలుపు. ఆకుకూర అక్కడక్కడ చల్లు. నువ్వక్కడే ఉండు. మెడ ఈకలు నిక్కబొడుచుకోవడం, ఎదురురొమ్ముగా ఎగరడం, నెత్తిన ఒకట్రెండు పోట్లు, నాలుగడుగులు తరమడం మామూలే. ఓడింది తల వంచి పక్కకి పోతే, గెలిచింది వదిలేస్తే, కదలకు. మధ్యలో దూరితే ఆ తగువు రేపటికి మిగులుతుంది. రెండు మూడు కలిసి ఒకదాన్ని మూలకి తొయ్యడం, పడినదాన్ని వదలకపోవడం, రక్తపు చుక్క కనపడటం, ఈ మూడింటిలో ఏదైనా అప్పటికప్పుడే విడదీయి. ఎరుపు కనపడితే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచాన్నర ఉప్పు కలిపి గాయం కడిగి, అయోడిన్ మందు రాసి, చర్మం మూసుకునే దాకా ఆ కోడిని జాలీ అవతలే, గుంపుకి కనపడేలా ఉంచు. పూర్తిగా దూరం పెట్టావంటే మళ్లీ కొత్త కోడై కూర్చుంటుంది.

హింస అంతా ఒక్క పెట్టదే అయితే దెబ్బలు తిన్నదాన్ని కాదు, కొట్టినదాన్ని తీసెయ్యి. నాలుగైదు రోజులు విడిగా పెట్టి తెస్తే దాని పెత్తనం సడలి, అదే కొత్తదానిలా వెనక నిలబడుతుంది. పుంజు పోట్లాటలో అడ్డం వచ్చి సర్దుతుంది సాధారణంగా. ఆ మూడింటితో పాటు ఇంకో పుంజుని మాత్రం తేకు, పది పెట్టలకి ఒకటి చాలు.

చీకట్లో కర్ర మీద కూర్చోబెడితే పొద్దున్నకి అన్నీ మర్చిపోతాయని చాలామంది చెప్తారు. మర్చిపోవు. తెల్లారగానే గుర్తుపడతాయి, అదీ తప్పించుకునే దారి లేని గూటిలో. జాలీ దశ అయ్యాక, పగలు సర్దుకున్నాక, కొత్తవి గూట్లోకి వెళ్లడానికి జంకుతుంటే మాత్రం అలా కూర్చోబెట్టు. అలాంటప్పుడు ఓ వారం పాటు తెల్లవారకముందే లేచి తలుపు తీసే ఓపిక ఉండాలి.

దాణా సంగతి. గుడ్డు పెట్టని కుర్ర పెట్టలకి లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టేవాటికని చేసిన మేత, పడదు. అందులో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది, అది మూత్రపిండాలకి చేటు. కలిసి ఉన్నన్నాళ్లూ అందరికీ గ్రోయర్ దాణానే, అంటే ఎదిగే కోళ్ల మేతనే వేసి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టు. గుడ్లు పెట్టేవి వాటికి కావలసింది అవే తింటాయి.

కలిపిన మొదటి వారం రోజూ రాత్రి కొత్తవాటి మెడ కింద, రొమ్ముకి కుడివైపు మేత సంచిని వేళ్లతో తడుము. నిమ్మకాయంత నిండుగా తగిలితే కడుపు నిండినట్టు. సంచి ఖాళీగా, జారిపోయినట్టు ఉంటే పగలంతా గిన్నె దగ్గరికి రానివ్వలేదన్నమాట. అలాంటప్పుడు గిన్నెలు ఇంకా దూరం జరిపి ఇంకొకటి చేర్చు. దీని ముందు కంటితో చూసే ఏ లెక్కా పనికిరాదు, ఎందుకంటే నువ్వు చూస్తున్నప్పుడు అన్నీ బుద్ధిగానే ఉంటాయి.

గుడ్లు రెండు మూడు వారాలు తగ్గుతాయి. గట్టి పెంకు లేని తోలుగుడ్లు కూడా ఒకట్రెండు పడొచ్చు. కంగారుపడి మందులు పొయ్యకు. పొదుగు మీద పెట్ట ఉంటేనో, పాతవి ఈకలు రాలుస్తుంటేనో, ఎండలు మండిపోతుంటేనో కలపడం వాయిదా వెయ్యి. కుర్ర పెట్టలైతే జుట్టు ఎరుపెక్కి గుడ్డు పెట్టేదాకా తమ మూడూ ఒక గుంపుగానే తిరుగుతాయి. దాన్ని తగువుగా లెక్కపెట్టకు. జాలీ మాత్రం అప్పుడే విప్పేయకు, ఇంకో నెల ఆ మూలనే ఉండనీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ