అర్హత లేదనిపిస్తున్నప్పుడు కృపను ఎలా అందుకోవాలి?

"కృప ఉచితం అంటారు కానీ నేను చేసిన తప్పుకు దాన్ని తీసుకోవడానికి చేతులు రావడం లేదు, ఏడాదిగా ప్రభు బల్లకు (యేసు ఆఖరి భోజనాన్ని గుర్తుచేసుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారానికి) కూడా వెళ్లడం లేదు" అని మీరు రాశారు, రోజూ ఏం చేయాలో కూడా అడిగారు. మూడేళ్లు నాదీ ఇదే పరిస్థితి. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది గోదావరి వైపు. పొలం పంపకాల దగ్గర అన్నయ్యతో గొడవై మాటలు ఆగిపోయాయి. నాన్న ఆఖరి రోజుల్లో అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు. ఆ గడప తొక్కనని పంతం పట్టి నేను చూడ్డానికి వెళ్లలేదు. నాన్న పోయారని ఫోన్ వచ్చాక వెళ్లాను.

ఆ తర్వాత, ప్రభు బల్ల ఇచ్చే నెల మొదటి ఆదివారం వస్తుందంటేనే నాకు టెన్షన్. అందరూ బల్ల దగ్గరకు వెళ్తుంటే వెనక వరుసలో తల దించుకుని కూర్చునేదాన్ని. బైబిల్లో 1 కొరింథీయులకు పత్రిక 11వ అధ్యాయంలో ఆ రొట్టెను "అయోగ్యముగా" తినడం గురించి ఉన్న మాట నన్ను వణికించేది. బల్లకు వెళ్లలేక ఉపవాసాలు పెంచాను, కానుక పెంచాను. అదంతా వడ్డీ కట్టడమేనని ఇప్పుడు తెలుస్తోంది. ఎంత కట్టినా అసలు అలాగే ఉండేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు, "ఎందుకమ్మా రావడం లేదు?" అని అడిగారు. "మనసు శుభ్రపడ్డాక వస్తానండి" అన్నాను. "స్నానం చేశాకే చెరువులో దిగుతానంటే ఎలాగమ్మా?" అన్నారు. అక్కడే కూర్చోబెట్టి ఆ అధ్యాయాన్ని 17వ వచనం నుంచి నాతోనే చదివించారు.

అన్నేళ్లుగా ఆ ఒక్క మాటకే భయపడ్డాను తప్ప, దాని ముందు ఏముందో చూడలేదు. కొరింథు సంఘంలో అందరూ కలిసి తినాల్సిన భోజనాన్ని కొందరు ముందే తినేస్తున్నారు. ఒకరు ఆకలితో ఉంటే ఇంకొకరు మత్తులో ఉన్నారు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారు. ఆ సంఘానికి ఉత్తరం రాసిన పౌలు మందలించింది తినే ఆ తీరును. 28వ వచనంలోనూ, తనను తాను పరీక్షించుకుని తినమనే ఉంది. నేను పరీక్షించుకునే దగ్గరే మూడేళ్లు ఆగిపోయాను.

అయ్యగారు ఇంకో మాట అడిగారు. యేసు ప్రభువు శిష్యులతో కూర్చున్న మొదటి బల్ల చుట్టూ ఎవరున్నారని. తెల్లవారకముందే ఆయనెవరో తెలియదని చెప్పబోయే పేతురు ఉన్నాడు. లూకా సువార్త ప్రకారం అప్పగించబోయే యూదా చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉంది. అవన్నీ తెలిసే ప్రభువు రొట్టె పట్టుకుని, ముందు కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, తర్వాత విరిచి ఇచ్చారు. గ్రీకులో కృపను ఖారిస్ అంటారట, కృతజ్ఞత చెప్పడాన్ని యూఖారిస్తియా అంటారట. రెండో మాటలోనే మొదటిది ఉంది. కతోలికులు దివ్య సత్ప్రసాదం అనేదానికి ఇంగ్లీషులో యూకరిస్ట్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా కృతజ్ఞత అంటే తీసుకున్నదానికి బదులు చెల్లించడం అనుకునేదాన్ని.

ఆ తర్వాతి నెల వెళ్లాను. మోకాళ్లూని ఖాళీ చేతులు చాచడం కంటే నలభై రోజుల ఉపవాసం తేలికనిపించింది. రొట్టె ముక్క చేతిలో పెట్టగానే ఏడ్చేశాను.

ముందు సహోదరుడితో సమాధానపడి తర్వాత రమ్మని మత్తయి 5లో ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది, దాన్ని దాటేయమని నేను అనను. నాకు మాత్రం ఆ ధైర్యం బల్ల దగ్గరే దొరికింది. వారం తిరక్కుండా అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన కాఫీ ఇచ్చింది. అన్నయ్య పెద్దగా మాట్లాడలేదు. పొలం సంగతి ఇంకా తేలలేదు, నాన్నను ఒక్కసారైనా చూడలేదన్న బాధ పోలేదు. మన సాక్ష్యాల్లో ఉద్యోగం, వీసా, ఇల్లు ఎక్కువగా వినిపిస్తాయి, తీరని సంగతి పట్టుకుని నిలబడేవాళ్లు తక్కువ. తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ఆ ముల్లు తీసేసినట్టు ఎక్కడా లేదు. "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని బైబిల్లో ఉంది గానీ, నాన్న అలా పోయినందుకు నన్ను థాంక్స్ చెప్పమని ప్రభువు అడుగుతున్నారని నేను అనుకోను.

మీరు వచ్చే మొదటి ఆదివారానికి ముందే మీ పాస్టరుగారి దగ్గరకు వెళ్లి, ఇక్కడ రాసినదే ఆయనతో చెప్పండి. ఒంటరిగా మోయకండి.

రోజువారీ సంగతి అడిగారు కదా. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు నేను అడగకుండానే అందినది ఒక్కటి ప్రభువుకు చెప్పుకుంటాను. నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, తాతయ్యకి ఇష్టమని నువ్వు చేసేదానివట కదా, ఆ గోంగూర పచ్చడి ఎలా చేయాలి?" అని అడిగింది. రాత్రి అదే చెప్పుకుని పడుకున్నాను.