మీ ప్రశ్నలు: 48 క్రోమోజోములు 46 ఎలా అయ్యాయి?

ప్రశ్న: అమ్మా, నేను ఇంటర్ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతాను. మా నాన్నగారి కాలం నాటి పాఠ్యపుస్తకం ఒకటి దొరికింది. అందులో మనిషి కణంలో 48 క్రోమోజోములని ఉంది. మేము 46 అని చెబుతున్నాం. అంత తప్పు పుస్తకంలోకి ఎలా వచ్చింది?
– ఒక అధ్యాపకుడు, తెనాలి

జవాబు: అది అచ్చుతప్పు కాదండీ. 1923 నుంచి 1956 దాకా ప్రపంచమంతా 48 అనే నమ్మింది. ఆ అంకె టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన థియోఫిలస్ పెయింటర్ గారిది. ఆయన నిర్లక్ష్యంగా పనిచేశారని అనలేం. అప్పట్లో వృషణాల కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి చూసేవారు. కోతలో ఒక క్రోమోజోము రెండు ముక్కలైనా, ఒకదాని మీద ఒకటి పడినా లెక్క మారిపోతుంది. అన్నిటికన్నా స్పష్టంగా కనిపించిన కణాల్లో 46 మాత్రమే ఉన్నాయని 1921లో ఆయనే రాశారు. రెండేళ్ల తర్వాత 48 వైపు మొగ్గారు.

ఆ తర్వాత చాలామంది 48 వచ్చేదాకా లెక్కపెట్టారు. స్వీడన్‌లో ఒక బృందం పిండం కాలేయ కణాలను పరిశీలిస్తూ, 48కి రెండు తక్కువే కనిపిస్తున్నాయని పనినే పక్కన పెట్టేసింది. వాళ్లు చూసిందే నిజం. ఈ చరిత్రలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే ఘట్టం అదే. మీ పిల్లలకు 46 అని చెప్పేటప్పుడు దీన్ని కూడా చెప్పండి.

లెక్క తేల్చిన జో హిన్ చియో జావాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం చెరలో చిత్రహింసలు అనుభవించారు. తర్వాత స్పెయిన్‌లో మొక్కల క్రోమోజోముల మీద పనిచేస్తూ, సెలవులు దొరికితే స్వీడన్‌లోని లుండ్‌కు వెళ్లి ఆల్బర్ట్ లెవాన్ ప్రయోగశాలలో పనిచేసేవారు. 1955 డిసెంబరు 22న, పిండం ఊపిరితిత్తుల నుంచి పెంచిన కణాల్లో ఆయనకు 46 క్రోమోజోములు కనిపించాయి. ఇందుకు రెండు కిటుకులు తోడ్పడ్డాయి. కొల్చిసిన్ అనే మందు వేస్తే, క్రోమోజోములు దట్టంగా ఉన్న దశలోనే కణవిభజన ఆగిపోతుంది. ఉప్పు తక్కువగా ఉన్న పలుచని ద్రావణంలో ఉంచితే కణం ఉబ్బి, అవి దూరదూరంగా జరుగుతాయి. ఈ రెండో కిటుకు టెక్సాస్‌లో పనిచేసిన టి.సి. హ్సూ గారిది. ప్రయోగశాలలో ద్రావణం ఎవరో పొరపాటున పలుచగా కలపడం వల్ల దొరికిందని ఆయన 1952లో గుర్తించారు. చియో, లెవాన్‌ల పత్రం 1956లో వెలువడింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫోర్డ్, హామర్టన్ వృషణ కణాల్లో 23 జతలు చూసి దాన్ని ధ్రువపరిచారు.

ప్రశ్న: అమ్మా, మా మనవరాలికి డౌన్ సిండ్రోమ్ అన్నారు. రిపోర్టులో ‘47, ఎక్స్ఎక్స్, +21’ అని ఉంది. అల్లుడు నా తమ్ముడి కొడుకే. మేనరికం వల్లేనని చుట్టాలు, గ్రహణం నాడు బయటికి వెళ్లడం వల్లేనని మా మరదలు మా అమ్మాయినే అంటున్నారు. తప్పు ఎవరిదమ్మా?
– ఒక అమ్మమ్మ, నిజామాబాద్

జవాబు: ఎవరిదీ కాదు తల్లీ. ఈ జవాబు మీ మరదలికి కూడా చదివి వినిపించండి.

నేను ఉద్యోగమంతా ఈ పరీక్షలు చేసిన మనిషిని. పాప రక్తాన్ని రాజ్మా గింజల నుంచి తీసిన పదార్థంతో కలిపి, 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచుతాం. తెల్ల కణాలు విభజన మొదలుపెడతాయి. కొల్చిసిన్‌తో ఆ విభజనను ఆపి, కణాలను ఉబ్బించి, చుక్కలుగా గాజుపలక మీద వేసి రంగు పట్టిస్తాం. క్రోమోజోములు అడ్డచారలతో ఊదారంగులో కనిపిస్తాయి. హిస్టోన్ అనే ప్రోటీన్ల మీద చుట్టుకున్న ఒకే ఒక పొడవాటి డీఎన్ఏ పోగే ఒక్కో క్రోమోజోము. వాటిలో అన్నిటికన్నా చిన్నదైన 21వది మీ పాపలో రెండుకు బదులు మూడు ఉన్నాయి. ‘+21’ అంటే అంతే.

ఈ సంగతి 1959లో పారిస్‌లో బయటపడింది. కణాలను పెంచింది మార్తా గోతియే. కణాల పెంపకానికి కావలసిన సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) కోసం తన రక్తాన్నే తీసుకున్న డాక్టరమ్మ. పేరు మాత్రం ఎక్కువగా ఆవిడతో కలిసి పనిచేసిన జెరోమ్ లెజ్యూన్ గారికే దక్కింది. పత్రంలో ఆవిడ పేరును తప్పుగా అచ్చు వేశారు కూడా.

మీ పాప రిపోర్టులో ఉన్నట్టు అదనపు క్రోమోజోము విడిగా ఉంటే, అండం గానీ వీర్యకణం గానీ తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోముల జంట విడిపోకపోవడమే కారణం. ఎక్కువగా ఇది అండంలో జరుగుతుంది. కానీ అది ఎవరి చేతిలోనూ లేదు. ఆడపిల్ల అండాలు ఆమె తన తల్లి గర్భంలో ఉండగానే విభజన మొదలుపెట్టి, సగంలో ఆగి ఉంటాయి. అందుకే తల్లి వయసుతో ఈ అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్లకు సుమారు 350 మందిలో ఒకరికి, 40కి 100 మందిలో ఒకరికి. తక్కువ వయసు తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. గ్రహణానికి దీంతో సంబంధం లేదు. మేనరికంలో తలసేమియా వంటి కొన్ని జబ్బుల ముప్పు పెరుగుతుంది గానీ, డౌన్ సిండ్రోమ్‌కు అది కారణం కాదు.

వంశం మాట వచ్చేది ఒక్క చోటే. నూటికి మూడు నాలుగు కేసుల్లో అదనపు 21 మరో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అప్పుడు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేస్తాం. మీ రిపోర్టులో అది లేదు.

ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. పాపకు ఎకో తీయించారా? తీయించకపోతే ఈ వారమే తీయించండి. థైరాయిడ్ పరీక్ష, వినికిడి పరీక్ష కూడా ఆలస్యం చేయకండి.