ఫిల్టర్ కొనేముందు ఈ అత్తయ్య మాట విను

గుంటూరు, బ్రాడీపేట.

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి మామిడికాయల రేటు దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ మాట్లాడి, పెట్టేసే ముందు తాపీగా చెప్పాడు, నువ్వు విజయవాడ ఫ్లాట్లో చేపల ట్యాంకు పెడుతున్నావని, దానికి కానిస్టర్ ఫిల్టరే, అదే ట్యాంకు కింద మూత బిగించిన డబ్బాలో నీళ్ళు శుభ్రం చేసేదే, కావాలని పట్టుబట్టావని. ముందు చెప్పాల్సిన మాట ఆఖర్న చెప్పడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటే. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. సగం సంతోషం, సగం భయం. వేసవి సెలవుల్లో మా ఇంటికొస్తే ఏసీ గది వదిలేసి హాల్లో ట్యాంకు అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేదానివి. అద్దం మీద నీ ముక్కు మరక, చుట్టూ వేళ్ళ మరకలు, మధ్యలో ఊపిరి ఆవిరి. తుడవలేక చచ్చేదాన్ని. నా పిల్లలకు అబ్బని పిచ్చి నీకు అబ్బిందని మీ మామయ్య పొద్దున కాఫీ తాగుతూ తెగ మురిసిపోయారు.

భయం ఎందుకంటే, బుడ్డోడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడట కదా. ట్యాంకు ఎత్తులో ఉంటుంది, దాంతో బాధ లేదు. కానిస్టర్ ఉండేది దాని కింద, సరిగ్గా వాడి చేతికి అందే చోట. రెండు పైపులు, ఒక వైరు, పైకి కిందికి ఆడే ఓ లివరు. అంతకన్నా మంచి ఆటబొమ్మ వాడికెక్కడ దొరుకుతుంది? అందుకే కంపెనీ, రేటు తర్వాత. ముందు ఇది చదువు.

స్టాండు తలుపులున్నది తీసుకో, గొళ్ళెం పైన పెట్టించు. ప్లగ్గు బోర్డు స్టాండు లోపల నేలమీద పడేయొద్దు, గోడకు ఎత్తుగా ఉండాలి. వైరును తిన్నగా ప్లగ్గులోకి తీసుకుపోవద్దు. ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడి, అక్కణ్నుంచి పైకి వెళ్ళాలి. అప్పుడు పైపు చెమర్చి వైరు వెంట చుక్క జారినా ఆ వంపు దగ్గరే నేలమీద రాలిపోతుంది. ట్యాంకులో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గు పీకేయ్. మీ ఫ్లాటు మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. లేకపోతే ట్యాంకు కన్నా ముందు అది కొను. నవ్వకు. మీ నాయనమ్మ బకెట్లో హీటర్ రాడ్డు ఉండగానే నీళ్ళు కాగాయో లేదోనని వేలు పెట్టిన పొద్దు నేను పక్కనే ఉన్నాను. మనిషి ఎగిరి గోడకు కొట్టుకుంది. బతికి బట్టకట్టింది కాబట్టి తర్వాత అందరం నవ్వుకున్నాం గానీ, నీళ్ళూ కరెంటూ ఒకచోట కనపడితే నాకు ఇప్పటికీ కాళ్ళు చల్లబడతాయి.

ఇంకోటి. ఇందులో నీళ్ళు పైపు గుండా తమంతట తామే కిందికి దిగి డబ్బాలోకి వస్తాయి, మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. అంటే బుడ్డోడు పైపు లాగాడా, ట్యాంకు లోపల నీళ్ళు లాగే గొట్టం మూతి ఎంతవరకు మునిగి ఉంటే అంతవరకు నీళ్ళన్నీ హాల్లోకి వచ్చేస్తాయి. కింది ఫ్లాటు వాళ్ళ సీలింగు కూడా తడుస్తుంది, వాళ్ళతో మాట పడాలి. అందుకని లోపలి గొట్టాన్ని గులకరాళ్ళకు ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎత్తున ఆపు. ఏం జరిగినా చేపలకు కాసిని నీళ్ళన్నా మిగులుతాయి. పైపులకు బిగింపు క్లిప్పులు ఉన్న మోడలే తీసుకో.

ఇంతకీ నీకు కానిస్టర్ అవసరమా అని అడిగితే, రెండడుగుల ట్యాంకుకు అవసరం లేదనే అంటాను. ఎయిర్ పంపుకు తగిలించే స్పాంజి ఫిల్టర్ చాలు, అది చవకలో అయిపోతుంది. కానీ అది గుడగుడమని రాత్రంతా మోగుతుంది, చూడ్డానికీ బాగోదు. నువ్వు మొక్కలు కూడా పెడతావట. కానిస్టర్ చప్పుడు చెయ్యదు, ట్యాంకులో చోటు తినదు, చిన్న డబ్బాలో కూడా బోలెడంత మీడియా, అంటే నీళ్ళు శుభ్రం చేసే స్పాంజీలు, సిరామిక్ ముక్కలు, పడుతుంది. సరే, కొనుక్కో. కంటికి కనపడదు కాబట్టి కడగడం మర్చిపోతారు, దాని లోపాల్లో అదొకటి. నీ సంగతి నాకు తెలుసు, క్యాలెండర్ మీద రాసుకో.

ఇప్పుడు సైజు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే లెక్కకు 56 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోను, పైన కాస్త వెలితి వదిలితే నిఖరంగా నలభై అయిదు. గంటకు ట్యాంకు నీళ్ళు నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరిగితే చాలు, అంటే రెండొందల లీటర్ల చిల్లర. అట్ట మీద అచ్చేసే అంకె ఖాళీ డబ్బాతో కొలిచింది. లోపల స్పాంజీలు, సిరామిక్ ముక్కలు కూరి, పైకి ఎక్కించేసరికి అందులో చాలా తగ్గిపోతుంది. కాబట్టి అట్ట మీద 300 నుంచి 400 ఉన్నది చూడు. ఐహైమ్ క్లాసిక్ 150 అని చిన్నది ఒకటుంది, గంటకు 300 లీటర్లు, 5 వాట్లు. అదే కొనమని కాదు, కొలత తెలియడానికి చెబుతున్నా. షాపువాడు "పెద్దది తీసుకోండి మేడం, రేపు ట్యాంకు మార్చినా పనికొస్తుంది" అని వెయ్యి లీటర్లది అంటగడతాడు. దాని ధాటికి నీ గప్పీ చేపలు రోజంతా ఎదురీదలేక మూలకు చేరతాయి. గోల్డ్ ఫిష్ మాత్రం పెట్టకు, ఆ ట్యాంకు దానికి చాలదు.

వాట్లు ఎందుకు చెప్పానో వివరంగా రాస్తా, కాగితం ఎక్కువైనా ఫర్వాలేదు.

నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు మామయ్యకు తెలిసినవాళ్ళెవరో విదేశం నుంచి కానిస్టర్ తెచ్చిచ్చారు. ఆయన ఆనందం అంతా ఇంతా కాదు, వచ్చినవాళ్ళందరికీ స్టాండు తలుపు తీసి చూపించడమే పని. ట్యాంకులో ఒక జత ఏంజెల్ చేపలు, ఓ గుంపు నియాన్ టెట్రాలు, ఒక సక్కర్ ఫిష్. మే నెలలో ఓ సాయంత్రం గాలివాన వచ్చి వీధిలో చెట్టు తీగలమీద పడింది. కరెంటు పోయింది. ఆయన ముందుచూపు ఉన్న మనిషేగా, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తెచ్చి పెట్టుకున్నారు. అది ట్యాంకులో వేసి, పక్కనే కుర్చీ వేసుకుని, తెల్లార్లూ విసనకర్రతో విసురుకుంటూ బుడగలు చూస్తూ కూర్చున్నారు. పొద్దున చేపలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. నన్ను లేపి మరీ చూపించారు.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. ఫిల్టర్ స్విచ్ వేసే ఉంది కదా, దానంతటదే మొదలైంది. ఆయన చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. నీళ్ళు తిరిగి ట్యాంకులో పడే బయటి గొట్టంలోంచి ముందు బూడిదరంగు మడ్డి పొగలా వచ్చింది, వెనకే కుళ్ళిన కోడిగుడ్డు వాసన హాలంతా కమ్మేసింది. సాయంత్రానికి ఏంజెల్స్ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. తెల్లారేసరికి సక్కర్ ఫిష్ ఒక్కటే మిగిలింది, దానికి పైకొచ్చి గాలి మింగి బతికే శక్తి ఉంది కాబట్టి. రాత్రంతా చీకట్లో బతికిన చేపలు కరెంటు వచ్చాక చచ్చిపోయాయి. మీ మామయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఎందుకలా జరిగిందంటే, ఫిల్టర్ అసలు పని చేసేది లోపలి ముక్కలకు పట్టిన బాక్టీరియా. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. దానికీ ప్రాణవాయువు కావాలి. బిగించిన డబ్బాలో నీళ్ళు కదలకపోతే ఉన్న కాస్త ఆక్సిజన్ కొద్ది గంటల్లో అయిపోతుంది. అందులోనూ మన ఎండలు. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే 30 డిగ్రీల్లో ఏడున్నరే. ఆక్సిజన్ లేక ఆ బాక్టీరియా చస్తుంది, లోపలి మడ్డి కుళ్ళుతుంది. కరెంటు రాగానే మోటారు ఆ విషమంతా ఒక్కసారిగా ట్యాంకులోకి కొడుతుంది. కైకలూరు వైపు రొయ్యల చెరువుల వాళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదని జనరేటర్ పక్కన మంచం వేసుకుని పడుకునేది ఊరికే కాదు. మామయ్య ట్యాంకుకు గాలి ఇచ్చారు, డబ్బాకు ఇవ్వలేదు.

కాబట్టి అయిదారు వాట్లది, మహా అయితే ఎనిమిది వాట్లది తీసుకుంటే మీ ఇన్వర్టర్‌కు అదొక లెక్క కాదు, మామూలు సీలింగ్ ఫ్యాన్ తినేదాంట్లో పదో వంతు. కాకపోతే ఫ్లాట్లలో అన్ని సాకెట్లకూ ఇన్వర్టర్ లైను ఉండదు, చాలా వరకు లైట్లూ ఫ్యాన్లకే ఇస్తారు. నువ్వు ట్యాంకు పెట్టే గోడ మీది సాకెట్‌కు ఉందో లేదో మెయిన్ ఆపి చూసుకో. లేకపోతే ఆర్‌సీసీబీ కోసం వచ్చే ఎలక్ట్రీషియన్‌తోనే వేయించు. ఇన్వర్టర్ కూడా అయిపోయేంత సేపు కరెంటు లేకపోతే ప్లగ్గు పీకు. మూత తీసి, సిరామిక్ ముక్కలను నెట్ సంచిలో వేసి ట్యాంకులోనే బ్యాటరీ పంపుకు తగిలించిన, బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పక్కన వేలాడదీయి. డబ్బాలో నీళ్ళు పారబోయి. కరెంటు వచ్చాక మళ్ళీ సర్ది, కొత్తగా నింపి మొదలుపెట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, మీ ఊరి సంగతి నీకు నేను చెప్పాలా.

మిగతావి చిన్నవి. నీళ్ళు కారకుండా మూత చుట్టూ ఉండే ఓ-రింగ్, లోపల తిరుగుతూ నీళ్ళు తోసే ఇంపెల్లర్ విడిగా దొరుకుతాయో లేదో కొనేముందే అడుగు. దొరకవంటే ఎంత చవకైనా వద్దు, ఓ-రింగ్ పాడైతే మొత్తం డబ్బా పారెయ్యాల్సిందే. రింగుకు సిలికాన్ గ్రీజు రాయి, బుడ్డోడి వాజలీన్ రాయకు. షాపులోనే నీ చేత్తో మూత తీసి మళ్ళీ బిగించి చూడు, బలవంతం చెయ్యాల్సి వస్తే ఇంట్లో నువ్వది కడగవు. నీళ్ళు ముందు గరుకు స్పాంజికి తగలాలి, తర్వాత మెత్తటిది, ఆ తర్వాత సిరామిక్. బొగ్గు అంటగడతారు, రోజూ దాని అవసరం లేదు. బయటి గొట్టాన్ని నీటిమట్టం దగ్గరే పెట్టి పైన చిన్న అలలు లేచేలా చూడు, ఎండాకాలం ఆక్సిజన్ అక్కణ్నుంచే.

రెండు మూడు నెలలకోసారి కడుగు, అదీ ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో, లోపలి ముక్కలను రెండు మూడు జాడింపులు జాడించి వదిలెయ్. తళతళ మెరవాలని కుళాయి కింద పెట్టి రుద్దకు. మున్సిపల్ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్ళే అయినా క్లోరిన్ కలిపి వదులుతారు, అది బాక్టీరియాను చంపేస్తుంది. కొత్త నీళ్ళు పోసేటప్పుడు కూడా యాంటీ క్లోరిన్ వెయ్యకుండా పొయ్యకు.

కొత్త ఫిల్టర్‌కు ఆ బాక్టీరియా పట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంత ఓపిక నీకు లేదు, మీ నాన్న పోలికే. అందుకే ఒక ఏర్పాటు చేశాం. మా ఫిల్టర్‌లో పాత సిరామిక్ ముక్కలు సగం నీకిస్తాం. నీళ్ళు పోసి మూత బిగించి తేవడం కుదరదు, పైన రాశానుగా. తడి గుడ్డలో చుట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టి మామయ్యా నేనూ పొద్దున బస్సుకే బయల్దేరతాం, గంటన్నరలో మీ ఇంట్లో ఉంటాం. శనివారానికల్లా ట్యాంకు నింపి, యాంటీ క్లోరిన్ వేసి, ఫిల్టర్ డబ్బాను నీళ్ళతో నింపి, సిరామిక్ ముక్కలు లేకుండానే తిప్పి ఎక్కడా కారడం లేదని చూసి ఫోన్ చెయ్. ఆదివారం మేం వచ్చేసరికి ప్లగ్గు పీకి ఉంచు. మామయ్యకు ఉప్మా వద్దు, పెసరట్టు వెయ్.

మీ అత్తయ్య